అన్నయ్య ముఖం కింద ఖాళీ గడి

మా ఇంట్లో హార్డ్ డిస్కులు తువ్వాళ్ళ మధ్య దొరికాయి. మేముండే ఈ దేశంలో అలమరని ప్రెస్ అంటారు. వేడినీళ్ళ ట్యాంకు చుట్టూ కట్టిన అలమరైతే హాట్ ప్రెస్. దుప్పట్లూ తువ్వాళ్ళూ వెచ్చగా ఉండాలని అందులో పెడతాం. నేను ఇడ్లీ పిండి పులియబెట్టేది కూడా అందులోనే. మా ఆయన మా పాతికేళ్ళ ఫొటోలున్న డిస్కుల్ని తీసుకెళ్ళి అక్కడే పెట్టారు.

"తేమ తగలదని పెట్టాను" అన్నారు.

ఆయన డబ్లిన్ శివార్లలోని శాండీఫోర్డ్‌లో కంప్యూటర్ల ఉద్యోగి. ఎవరెవరివో లెక్కలు చెడకుండా, పోకుండా కాపాడడమే ఆయన పని. ఇంటి ఫొటోలు మాత్రం నా పిండి గిన్నె పక్కన ఉడుకుతున్నాయి. ఆ రోజు నేను చాలాసేపే అరిచాను. అరవడంలో నాది మంచి గొంతు. అరిచాక డిస్కులన్నీ వంటింటి బల్ల మీద పరిచి, వీటికో దారి చూపేదాకా అన్నం వడ్డించనని చెప్పాను. ఆ మాట మాత్రం నిలబెట్టుకోలేదు, మధ్యాహ్నానికే పప్పుచారు పెట్టాను.

అసలు ఆ డిస్కుల కోసం వెతికింది మా అమ్మాయి పెళ్ళి దగ్గరపడిందని. పెళ్ళికొడుకు ఇక్కడి కుర్రాడే, కిల్‌కెన్నీ వాళ్ళు. అయినా పెళ్ళి మన పద్ధతిలో జరగాలని ఇద్దరూ పట్టుబట్టారు. డబ్లిన్ నుంచి వచ్చే పురోహితుడు ఫోన్‌లో ఒక్కొక్కటీ అడుగుతూ, "అమ్మా, పెళ్ళికూతుర్ని గంపలో తీసుకొచ్చే మేనమామ ఎవరు?" అన్నాడు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. వరసకి ఎవరైనా ఫర్వాలేదన్నాడు ఆయన. నాకు మాత్రం ఎవరైనా ఫర్వాలేదనిపించలేదు. నా మనసులో ఉన్నది ఒక్క మనిషే.

మేం ఈ దేశం వచ్చిన కొత్తలో నేవన్ అనే ఊళ్ళో ఒక ఇంటి పైగదిలో ఉండేవాళ్ళం. కింద ఉండే జంట ఆ ఇల్లు అద్దెకి తీసుకుని పైగది మాకిచ్చారు. ఆవిడ నర్సు, ఆయన గోదాములో పని చేసేవాడు, వాళ్ళకి నడక నేర్చుకుంటున్న ఒక బుడ్డోడు. వాళ్ళది తెలంగాణ, మాది కృష్ణా జిల్లా. మొదటి రోజునే ఆయన నన్ను "చెల్లె" అన్నాడు, నేను "అన్నయ్యా" అన్నాను. అంతే, ఆవిడ వదినైపోయింది. మా పాప పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అన్నయ్య కారులోనే. పాప అన్నప్రాసనకి మేనమామ స్థానంలో కూర్చుని, వేలి ఉంగరం తీసి పాయసంలో ముంచి పాప నాలుకకి రాసిందీ ఆయనే. రాసి, "మీ దిక్కు పెండ్లిపిల్లను గంపల మోస్తరంట గద చెల్లె. గదిగూడ నేనే మోస్త" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వులన్నీ ఉన్న ఫొటో ఒకటి ఉంది. అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఆ ఫొటో అంటే ఇష్టం. గంప మాట వచ్చినప్పుడు అది కూడా ఆయన పేరే ఎత్తింది. పేరంటే పేరు కాదు, "ద రింగ్ ఫెల్లా, మామ్. హీ ప్రామిస్‌డ్" అంది.

తర్వాత నాకు పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేశాం. కొన్నేళ్ళు వాళ్ళు ఇటు రావడం, మేం అటు వెళ్ళడం. ఆపైన వాళ్ళు నేవన్ వదిలిపెట్టారని విన్నాం. మా ఫోన్‌లు మారాయి, వాళ్ళవీ మారాయి. కోపాలు లేవు, తాపాలు లేవు. పిల్లల చదువులూ డ్యూటీలూ మధ్యలో పడి, ఎవరి పాటికి వాళ్ళం అయ్యాం.

ఇప్పుడు ఆయన్ని వెతకాలి. ముందు ఫొటోలన్నీ ఒక చోటికి చేర్చి, ఎవరెవరున్నారో, ఎక్కడ తీసినవో రాసిపెట్టుకుంటే దారి దొరుకుతుందని మా ఆయన అన్నారు. దానికొక మంచి సాఫ్ట్‌వేర్ కావాలన్నారు. అలా మా శనివారాలు సాఫ్ట్‌వేర్ చూపులకి పోయాయి. పెళ్ళిచూపులు నయం, ఒక్కసారికే కాఫీ ఇచ్చి పంపేస్తారు. వీటికి నెల రోజుల చొప్పున ఇంట్లో పెట్టుకుని మర్యాదలు చేయాలి.

మొదటిది ఫోన్‌తో పాటు వచ్చేది. చక్కగా ముఖాలు విడదీస్తుంది. సముద్రం అంటే సముద్రం ఫొటోలు, కేకు అంటే కేకులు తెచ్చి పెడుతుంది. కానీ మనం రాసుకున్న మాటలు దాని దగ్గరే ఉండిపోతాయి. ఫొటో బయటికి తీస్తే ఒంటరిగా వస్తుంది, పుట్టింటి సారె లేని కోడల్లాగా. రెండోది ఫొటోగ్రాఫర్లు వాడే పెద్దరకం. దాన్ని చూసి మా ఆయన ముచ్చటపడ్డారు. అయితే నెలనెలా అద్దె. ఈ దేశంలో అద్దె కథలు వినీ వినీ నాకు ఆ మాటంటేనే చిరాకు. "అద్దె మానేస్తే మన ఫొటోలు సామానుతో సహా రోడ్డు మీద ఉంటాయా?" అని అడిగాను. ఫొటోలు ఉంటాయనీ, వాటిని దిద్దుకునే వీలుండదనీ ఏదో నసిగారు. మూడోది ఎవరో సరదాకొద్దీ కలిసి తయారుచేసి ఉచితంగా పెట్టింది. చూడ్డానికి మా ఆసుపత్రి సామాన్ల గదిలా ఉంది, ఎక్కడ నొక్కినా ఇంకో పెట్టె తెరుచుకుంటుంది. కానీ మనం రాసే ప్రతి గుర్తుమాటనీ ఫొటో ఫైలులోపలే రాసేస్తుంది. రేపు ఈ సాఫ్ట్‌వేర్ లేకపోయినా మాట ఫొటోని వదలదు.

నేను దాన్నే పట్టుకున్నాను. మా పనిలో ఎక్స్‌రే తీసేటప్పుడే ఎడమ, కుడి అని సీసపు గుర్తు పక్కన పెట్టి తీస్తాం. గుర్తు బొమ్మలోనే పడాలి. తర్వాత రాసుకుందాంలే అనుకుంటే ఎవరి కాలో ఎవరికో అవుతుంది. ఈ ముక్క చెప్పాక మా ఆయన వాదించలేదు. అద్దె సాఫ్ట్‌వేర్ వంక ఒకసారి దిగులుగా చూసి మూసేశారు.

గుర్తుమాటలు రాయడం మొదలుపెట్టాం. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కో ముఖం చుట్టూ గడి గీసి కింద ఖాళీ వదులుతుంది. ఎవరో మనం రాయాలి. ముగ్గురం పంచుకున్నాం. ఒక వారం పోయాక చూస్తే అంతా గందరగోళం. ఒకే మనిషిని నేను అక్క అని రాస్తే మా ఆయన వదిన అని రాశారు. ఆవిడ మొగుణ్ణి నేను బావగారంటే ఈయన అన్నయ్య అన్నారు. అమ్మాయి మహా సులువుగా తేల్చేసింది. ఆడవాళ్ళందరూ ఆంటీ, మగవాళ్ళందరూ అంకుల్. సాఫ్ట్‌వేర్ నమ్మకంగా ఆ ఆంటీలందర్నీ ఒక్క మనిషిగా కలిపేసింది. రావణాసురుడికి పది తలలే. మా ఆంటీకి తలలు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు.

"పేర్లు రాయాలి. వరసలు కాదు" అని మా ఆయన తీర్మానించారు. "ఇంటిపేరు, తర్వాత పేరు. ఆఫీసులో అట్లాగే చేస్తాం."

"సరే, రాయండి" అన్నాను.

ఆయన రాయడానికి కూర్చున్నారు. మొదట వచ్చిన ముఖం అన్నప్రాసన ఫొటోలో అన్నయ్యది. అప్పటికే దానికింద రెండు పేర్లున్నాయి. నేను అన్నయ్య అని రాశాను, ఈయన బావ అని రాశారు. భార్య అన్న బావే కదా మరి. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆయన ఇద్దరు. మా ఆయన రెండూ చెరిపి, వేళ్ళు మీటల మీద పెట్టి, అట్లాగే ఉండిపోయారు.

"బావ పేరేంటే?"

నాకు తెలియదు. ఏడాదికి పైగా ఒకే వంటింట్లో వండుకున్నాం. ఆయనకి వంకాయ పడదని తెలుసు, చలికాలం మోకాలు నొప్పెడుతుందని తెలుసు, అత్తగారితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు లేచి నిలబడతాడని తెలుసు. పేరు తెలియదు. ఇంటికొచ్చే ఉత్తరాల్లో వాళ్ళవి వదిన ముందే ఏరుకుని, మిగిలినవి మా కోసం మెట్ల మీద వదిలేసేది. ఆయన్ని వదిన "ఇగో, ఇంటున్నవా" అని పిలిచేది. నేను ఈయన్ని ఏమండీ అని పిలిచినట్టే. మొదటి నెలలో అడగాల్సింది. ఏడాది అన్నం తిన్నాక ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? పాత ఫోన్‌లో ఆయన నంబరు ఎదుట 'నేవన్ అన్నయ్య' అనే ఉండేది.  పాతికేళ్ళ నాటి మనిషిని పేరు లేకుండా వెతకాలన్నమాట.

తెలిసినవాళ్ళకల్లా ఫోన్‌లు చేశాను. "నేవన్ అన్నయ్య తెలుసా?" అంటే ఒకావిడ నవ్వింది. "ఏ అన్నయ్య అండీ? మా ఎస్టేట్‌లో ఏ ఇంటి తలుపు కొట్టినా ఒక అన్నయ్యే వస్తాడు." మేం ఉన్న రోజుల్లో నేవన్ అంటే ఆ ఒక్క ఇల్లు. ఇప్పుడు అక్కడ మనవాళ్ళ పిల్లల కోసం తెలుగు బడి కూడా నడుస్తోందట. పైగా ఆయన నేవన్ వదిలి ఎన్నాళ్ళో. ఏ ఊళ్ళో ఉన్నాడో ఆ ఊరి పేరుతోనే పిలుస్తూ ఉంటారు గదా. మా మాట వాళ్ళకి అందదు, వాళ్ళ మాట మాకు అందదు.

చివరికి అన్నప్రాసన ఫొటోలోంచి ఆయన ముఖం కత్తిరించి తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో పెట్టాను. ఒత్తుగా మీసం, పలచటి బుగ్గలు, నుదుట బొట్టు. 'వీరు ఎవరికైనా తెలుసా' అని రాయడానికి నేను అక్షరాలు వెతుక్కునే లోపలే ఒకరు 'ఓం శాంతి' అని పెట్టారు. ఇంకొకరు దండం. ఆ వెనుక వరసగా దండాలూ పూలూ దీపాలూ. 'చాలా మంచి మనిషి, తీరని లోటు' అని ఎవరో మహానుభావుడు రాశాడు. పాత ఫొటో పెట్టామంటే మనిషి పోయినట్టే మన గుంపుల్లో. నాకు ఒళ్ళు మండిపోయింది. అందర్నీ పేరుపేరునా తిట్టి ఫొటో తీసేశాను. తీసేశాక మాత్రం భయం పట్టుకుంది. నిజంగానే లేడేమో అనిపించింది. ఆ రోజు డ్యూటీలో ఉన్నంతసేపూ అదే గుబులు. మా ఆయన మాత్రం "తెలిసినవాళ్ళైతే పేరుతో ఏడ్చేవాళ్ళు. తెలియని వాళ్ళే దీపాలు పెట్టారు" అన్నారు. ఆ మాట కొంచెం ఊరటగానే అనిపించింది.

పెళ్ళి ఇంకా నెలన్నర ఉండగా పురోహితుడు మళ్ళీ ఫోన్ చేశాడు. నేను చూస్తున్నామన్నాను. అమ్మాయి పక్కనే ఉండి విని, "ఇట్స్ గ్రాండ్, మామ్. డాడ్ కెన్ డూ ఇట్" అంది. గ్రాండ్ అంటే ఇక్కడ ఫర్వాలేదని. అది ఫర్వాలేదన్న గొంతు కాదు.

ఆ ఆదివారం సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసుకుపోతోంది. మనం ఒక ముఖాన్ని గుర్తుపట్టి చెబితే, అది మిగతా ఫొటోలన్నీ గాలించి, ఇదీ ఆ మనిషేనా అని అడుగుతుంది. మా ఆయన అన్నయ్య గడిలో ప్రస్తుతానికి ప్రశ్నార్థకం పెట్టి ఉంచారు. అది కొన్ని పాత ఫొటోలు సరిగానే పట్టుకుంది. ఆ తర్వాత రెండేళ్ళ కిందటి ఉగాది ఫొటో ఒకటి తెచ్చి పెట్టింది. డబ్లిన్ హాల్లో పులిహోర బంతి నడుస్తుంటే వెనక ఒక కుర్రాడు మైకు వైరు చుడుతున్నాడు. మీసం లేదు. పక్క నుంచి తీసిన ముఖం.

"చూశావా నీ ఉచిత సాఫ్ట్‌వేర్ తెలివి. పాతికేళ్ళ కుర్రాణ్ణి పట్టుకొచ్చి బావ అంటోంది" అని మా ఆయన కాదు అన్న మీట నొక్కబోయారు.

"ఆగండి" అన్నాను.

నేను రోజంతా చూసేది చర్మం కింద ఉండేవాటినే. మీసాలూ జుట్టూ నాకు అడ్డం రావు. ఆ కుర్రాడి దవడ మూల చూశాను, బుగ్గ ఎముక చూశాను, గడ్డం కింద పలకలా ఉన్న ఎముక చూశాను. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టించాను. సాఫ్ట్‌వేర్ తప్పే చేసింది, కానీ అట్లాంటి ఇట్లాంటి తప్పు కాదు. "వీడు మన బుడ్డోడండీ" అన్నాను. 

మా ఆయన చాలాసేపు చూశారు. మా వంటింట్లో పళ్ళేలు మోగించుకుంటూ తిరిగిన పిల్లాడే. కేకేసి అమ్మాయిని పిలిచాం. అది తొంగిచూసి, "ఓ, యువర్ మ్యాన్ విత్ ద మైక్. అతను నాకు తెలుసు, స్లైగో నుంచి వచ్చాడు" అంది. యువర్ మ్యాన్ అంటే ఇక్కడ ఆ కుర్రాడని. ఉగాదికి సాయం పట్టిన పిల్లలందరికీ వాళ్ళ ఫోన్‌లలో వేరే గుంపు ఉందట. మీ నాన్న ఎప్పుడైనా నేవన్‌లో ఉన్నారా అని మెసేజ్ పెట్టింది. టీ కాగేలోపల జవాబు వచ్చింది. చిన్నప్పుడు ఉన్నామనీ, ఎందుకు అడుగుతున్నావనీ. ఆ వెనకే వాళ్ళ నాన్న నంబరు.

నేనే చేశాను. రెండు మోతలకి ఎత్తాడు.

"అల్లో, ఎవలు?"

గొంతు అదే. "నేనన్నయ్యా" అన్నాను.  నా పేరు చెప్పి లాభం లేదు, ఆయనకి అదెప్పుడూ చెప్పలేదు. "నేవన్‌లో మీ పైగదిలో ఉండేవాళ్ళం. పాప వాళ్ళ అమ్మని."

 "ఎక్స్‌రే చెల్లెవా?" అన్నాడు. "నీ కోసం ఎంతమందిని అడిగిన్నో ఎర్కేనా. ఎక్స్‌రే చెల్లె అంటె ఒక్కలికి తెల్వదాయె. బావ మంచిగున్నడా? బిడ్డ ఎంత పెద్దగయ్యింది?"

నేను ఏడుస్తూ నవ్వాను. ఆయన కూడా మమ్మల్ని పేరు లేకుండానే వెతికాడన్నమాట.  పెళ్ళి సంగతి చెప్పాను.

"గంప మాట యాదికున్నది నాకు. కని నడుం మునుపటి లెక్క లేదు చెల్లె."

"నడుం సంగతి నేను చూస్తాలే అన్నయ్యా. నా చేతిలో పనే గదా."

"మోస్త తియ్. బిడ్డ బరువెంతున్నదో జర ముందుగాల చెప్పు."

ఫోన్ పెట్టేశాక మా ఆయన మొదట అడిగిన మాట, "పేరు కనుక్కున్నావా?" అని. లేదన్నాను. నంబరు పంపిన కుర్రాడు కూడా 'డాడ్' అనే రాసి పంపాడు. మా ఆయన నుదురు కొట్టుకున్నారు.

గంప దొరకడం ఇంకో ప్రహసనం. పెళ్ళికూతురు కూర్చునేంత వెదురు గంప ఇక్కడెక్కడ దొరుకుతుంది? చివరికి పెళ్ళికొడుకు వాళ్ళమ్మ తమ ఇంట్లో కుంపటి పక్కన కట్టెలు పోసుకునే పెద్ద అల్లిక బుట్ట కడిగి, ఎండబెట్టి, తనే తెచ్చి ఇచ్చింది. పిడులు గట్టివని రెండుసార్లు చెప్పింది. దానికి పసుపు పూసి బొట్లు పెట్టాను.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం అన్నయ్యా వదినా బుడ్డోడూ వచ్చారు. అన్నయ్య మీసం తెల్లబడింది, పొట్ట వచ్చింది. నన్ను చూసి తల మీద చెయ్యి పెట్టాడు, మా ఆయన్ని "బావా" అని కావలించుకున్నాడు. అమ్మాయి ఆయన చేతి వేళ్ళు చూసి, "సేమ్ రింగ్" అంది. భోజనాలయ్యాక మా ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టారు. పాత ఫొటోలు ఒక్కొక్కటే చూస్తుంటే వదినకి నవ్వు ఆగడం లేదు. అన్నప్రాసన ఫొటో వచ్చింది. అన్నయ్య ముఖం చుట్టూ గడి, కింద ప్రశ్నార్థకం.

"గిదేంది బావా?"

"అక్కడ ఎవరో రాయాలి బావా. మీరే రాయండి" అని మా ఆయన ల్యాప్‌టాప్ ఆయన వైపు జరిపారు. ఎంత వినయంగా జరిపారంటే, లోపల ఉన్న కుతూహలం నాకు తప్ప ఎవరికీ కనబడలేదు. అడక్కుండానే పేరు తెలిసిపోతుందని నేనూ మెడ చాచాను.

అన్నయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. తెలుగు అక్షరాలు ఎక్కడున్నాయో బుడ్డోడు చూపించాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరమే వెతికి నొక్కాడు. 'మేనమామ' అని రాశాడు. రాసి, సరిగ్గా ఉందా అన్నట్టు నా వంక చూశాడు.

నాకు కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోనూ లేదు. తోడబుట్టినవాళ్ళు లేరని ఇన్నేళ్ళు మనసులో ఒక మూల పడి ఉన్న వెలితి ఆ రోజుతో పోయింది. మా ఆయన ముక్కు తుడుచుకుని, ఆయన ఉన్న ఫొటోలన్నిటికీ అదే మాట పెట్టమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పారు. ఇంటిపేరు తర్వాత పేరు రాయాలన్న ఆఫీసు నియమం మా ఇంట్లో ఆ తర్వాత వినబడలేదు.

మర్నాడు గంపకి ఒక పిడి అన్నయ్య పట్టుకున్నాడు. రెండో పిడి బుడ్డోడు అందుకున్నాడు. అమ్మాయి లోపల కూర్చుని రెండు చేతులతో అంచులు పట్టుకుంది. "బిడ్డా, ఊకె కదలకు" అంటూ అన్నయ్య నడిచాడు. కిల్‌కెన్నీ వాళ్ళందరూ లేచి చప్పట్లు కొట్టారు. వియ్యపురాలు మాత్రం బుట్ట పిడుల వంకే చూస్తూ కూర్చుంది. పిడులు నిలిచాయి, నడుమూ నిలిచింది.

పెళ్ళి ఫొటోలు వచ్చాక మా ఆయన వాటిని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారు. అది తనంతట తనే అన్నయ్య ముఖాన్ని పట్టుకుని కింద మేనమామ అని వేసింది. పక్కనే గంప మోస్తున్న బుడ్డోడి ముఖం కింద కూడా మేనమామ అనే వేసింది.

"వీడు బావ కదా అవుతాడు అమ్మాయికి" అని మా ఆయన దిద్దబోయారు.

నేను వద్దన్నాను. గంపకి రెండోవైపు పట్టుకున్నది వాడే. ఆ ఫొటో వరకూ అట్లాగే ఉండనివ్వమని చెప్పి, డిస్కులు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను.